సోషియాలజీ, క్రిమినాలజీ డిగ్రీ: మూడేళ్ళ చదువు, రెండేళ్ళ ఉద్యోగం అయ్యాక

ఇంగ్లండ్‌లో సమాజం గురించి, నేరాల గురించి చదివే ఈ కోర్సులో చేరానని ఫోన్‌లో చెప్పగానే చీరాలలో మా పెద్దమ్మ అడిగింది, "అయితే పోలీసువవుతావా?" అని. హైదరాబాద్ బావ "సోషియాలజీయా? గ్రూప్స్ రాస్తావా ఏంటి?" అన్నాడు. వాళ్ళననేం లాభం, టీవీ సీరియళ్ళు చూసి వచ్చి చేరినవాళ్ళు మా క్లాసులోనే ఉన్నారు. రక్తపు మరకలు, వేలిముద్రలు ఉంటాయనుకుని వచ్చి, మొదటి టర్మ్ అయ్యేసరికి ఇద్దరు మానేశారు. అవి కావాలంటే ఫోరెన్సిక్ సైన్స్ చదవాలి. ఇందులో మూడేళ్ళూ చదవడమే, రాయడమే.

నేను చేరింది 2020 సెప్టెంబరులో. ఏడాదికి 120 క్రెడిట్లు, ఫీజు అప్పట్లో 9,250 పౌండ్లు. మొదటి ఏడాది మార్కులు ఫైనల్ గ్రేడ్‌లో కలవవు, 40 వస్తే గట్టెక్కినట్టే. మాది కరోనా బ్యాచ్ కాబట్టి ఆ ఏడాదంతా మంచం మీదే, ల్యాప్‌టాప్ ముందు గడిచింది. క్లాసులు వారానికి తొమ్మిది గంటలు, ఏడాదికి 24 వారాలు. మా నాన్న కాలిక్యులేటర్ తీసి గంటకి దాదాపు 43 పౌండ్లు పడుతోందని తేల్చాడు. ఆ తర్వాత నేను పొద్దున తొమ్మిది దాటి పడుకుంటే "నలభై మూడు!" అని కేకేసేవాడు.

రెండు సబ్జెక్టులు కలిపిన కోర్సుతో ఒక చిక్కుంది. రెండు డిపార్ట్‌మెంట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. సమాజంలో కట్టుబాట్లు సడలితే మనిషి ఏమవుతాడన్న ఫ్రెంచి సోషియాలజిస్టు డర్కైమ్ సిద్ధాంతం నాకు మూడుసార్లు చెప్పారు, మూడుసార్లూ కొత్తగా చెబుతున్నట్టే. రెండు అసైన్‌మెంట్లు ఒకే రోజు పడేవి. దీని గురించి ఫిర్యాదు చేస్తే "అవతలి వాళ్ళని అడగండి" అనేవాళ్ళు.

ఇక నాకు బాగా పనికొచ్చిన విషయాలు. రెండో ఏడాదిలో మమ్మల్ని మెజిస్ట్రేట్ కోర్టులో ఒక పూటంతా కూర్చుని చూసినదంతా రాసుకు రమ్మన్నారు. అక్కడ ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. తీర్పు చెప్పేందుకు బెంచి మీద ముగ్గురు, లా చదవనివాళ్ళు, జీతం తీసుకోనివాళ్ళు. చట్టం వివరించడానికి పక్కన ఒక సలహాదారు. సూపర్‌మార్కెట్‌లో వెన్న, మాంసం ఎత్తుకెళ్ళిన ఒకాయన్ని పిలిచారు. పేరు, పుట్టిన తేదీ, నేరం ఒప్పుకోవడం, జరిమానా అన్నీ కలిపి ఏడు నిమిషాలు. నేను గడియారం చూసుకున్నాను. బయటికెళ్తూ ఆయన గార్డుని అడిగిన మాట ఒక్కటే, బస్సు ఎక్కడ ఆగుతుందని. ఆ ఏడు నిమిషాల మీద 2,000 పదాలు రాశాను. 68 వచ్చింది.

అందరూ భయపడే స్టాటిస్టిక్స్ మాడ్యూలే నాకు కళ్ళు తెరిపించింది. పోలీసుల లెక్కలో నేరాలు పెరిగాయంటే నేరాలే పెరిగి ఉండచ్చు, కేసులు సరిగ్గా రాయడం మొదలుపెట్టి ఉండచ్చు. ఇంగ్లండ్, వేల్స్ పోలీసుల నేరాల లెక్కలకి జాతీయ గణాంకాలన్న గుర్తింపునే 2014లో తీసేశారు. పోలీసుల లెక్క ఒక్కటే చాలదని, మీకు ఏ నేరాలు జరిగాయని ఇళ్ళకి వెళ్ళి జనాన్నే అడిగే సర్వే ఒకటి 1982 నుంచే నడుస్తోంది. కానీ ఇళ్ళకి వెళ్ళే సర్వే కదా, ఇల్లు లేనివాళ్ళు అందులో ఉండరు. ఇప్పుడు నేను పనిచేసేది వాళ్ళతోనే.

ముద్ర సిద్ధాంతం క్లాసు మాత్రం నాకు మింగుడుపడలేదు. ఒక పని దానంతటది తప్పు కాదు, చేసినవాడి మీద నలుగురూ వేసే ముద్రతోనే అది తప్పవుతుందని అమెరికన్ సోషియాలజిస్టు హోవర్డ్ బెకర్ 1963లో రాశాడు. లెక్చరర్ ఉదాహరణలు చెబుతూ 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం దగ్గరికి వచ్చింది. కొన్ని కులాలు పుట్టుకతోనే నేరస్తులని రాసుకుని, రిజిస్టర్లు పెట్టి హాజరు పలికించుకున్న చట్టం. 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. తర్వాతి స్లైడ్‌లో ఉన్న ఊరి పేరు స్టూవర్టుపురం. ఆ చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికిచ్చి పెట్టించిన ఊరు.

అది మా చీరాల పక్కనే. చిన్నప్పుడు బాపట్ల వెళ్ళే ప్యాసింజర్లో ఆ స్టేషన్ రాగానే అమ్మమ్మ సంచి ఒళ్ళోకి లాక్కునేది. నేనూ నా బొమ్మని లాక్కునేదాన్ని. చట్టం 1952లో పోయింది. లెక్చరర్ "ఈ ఊరెవరికైనా తెలుసా?" అంటే నేను చెయ్యెత్తలేదు.

మూడో ఏడాది 10,000 పదాల డిసర్టేషన్, అంటే సొంతంగా చేసే పరిశోధన వ్యాసం. భారతీయుల ఇళ్ళల్లో బంగారం దొంగతనాల మీద తీసుకున్నాను. జనంతో మాట్లాడటానికి అనుమతి కోసం ఇచ్చే ఎథిక్స్ ఫారం రెండుసార్లు తిప్పికొట్టారు: మాట్లాడుతూ ఎవరైనా ఏడిస్తే ఏం చేస్తావు, ఎక్కడికి పంపుతావు అని. విసుక్కున్నాను గానీ గుడి వంటింట్లో ఒకావిడ నిజంగానే ఏడ్చింది, ఫారంలో రాసుకున్నది అప్పుడు అక్కరకొచ్చింది. "పోలీసులకి అప్పుడే చెప్పానమ్మా, మా అత్తగారికి మాత్రం ఇప్పటికీ చెప్పలేదు" అంది. ఆ వాక్యం మీద ఒక చాప్టరంతా రాసుకున్నాను. తీరా 2023లో లెక్చరర్లు పేపర్లు దిద్దడం ఆపేసి నిరసనకి దిగారు. వాళ్ళ న్యాయం వాళ్ళకుంది, కానీ మార్కులు రాకుండానే గౌను వేసుకుని ఫోటోలు దిగడం ఎలా ఉంటుందో దిగినవాళ్ళకే తెలుస్తుంది.

ఉద్యోగం సంగతి దాచను. ఈ డిగ్రీతో లాయర్‌వి కావు, సైకాలజిస్టువి కావు. నేరుగా పనికొచ్చేది ప్రొబేషన్ ఆఫీసర్ (శిక్ష పడి జైలు బయట ఉన్నవాళ్ళని కనిపెట్టుకుని ఉండే అధికారి) శిక్షణకి: కావలసిన మాడ్యూళ్ళు చదివి ఉంటే 15 నెలలు, లేకపోతే 21. నేను నాలుగు నెలలు ఖాళీగా ఉండి, ఇల్లు లేనివాళ్ళకి సాయం చేసే సంస్థలో చేరాను. మొదటి జీతం ఏడాదికి 26 వేల పౌండ్లు. మా బ్యాచ్‌కి అప్పట్లో 27,295 దాటితేనే జీతంలోంచి స్టూడెంట్ లోన్ కోత, కాబట్టి ఏమీ కట్టలేదు. దీనికి సంతోషించాలో ఏడవాలో నాన్న ఇంకా తేల్చుకోలేదు.

చేరాలనుకుంటే స్టాటిస్టిక్స్ తప్పనిసరిగా ఉన్న కోర్సు, మధ్యలో ఒక ఏడాది ప్లేస్‌మెంట్ (చదువులో భాగంగా ఉద్యోగం) ఇచ్చే కోర్సు చూసుకోండి. నేను ప్లేస్‌మెంట్ వదులుకున్నాను, తప్పు చేశాను. వారానికి వంద పేజీలు చదివే ఓపిక లేకపోతే వద్దు. మొదటి వారం కొనమనే లావు టెక్స్ట్‌బుక్ అస్సలు కొనకండి, లైబ్రరీలో ఈ-బుక్ దొరుకుతుంది. 40 పౌండ్లు పోసి కొన్న నాది మానిటర్ కింద ఎత్తుకి పెట్టుకున్నాను.