కోపర్నికస్ బ్రౌజర్‌లో మన కోరంగిని చూశా

ఉప్పాడ దగ్గర సముద్రం రోడ్డును కోసేస్తుంటే, అటు కోరంగిలో మడచెట్లు నేలను ఎలా పట్టుకుని ఉన్నాయో చూద్దామని కోపర్నికస్ బ్రౌజర్ (యూరప్ ఉపగ్రహాల ఫొటోలు చూపించే వెబ్‌సైట్) ఓపెన్ చేశా. పైసా ఖర్చు లేదు. సెంటినెల్-2 ఉపగ్రహాల ఫొటోలు 10 మీటర్ల స్పష్టతతో (ఫొటోలో ఒక్కో చుక్క అంటే నేలమీద 10 మీటర్లు), దాదాపు 5 రోజులకోసారి వస్తాయి. ఫాల్స్ కలర్ (పచ్చదనాన్ని ఎరుపులో చూపించే రంగుల అమరిక) పెట్టగానే మడ అడవి ముదురు ఎరుపులో, మధ్యలో పాయలు నల్లదారాల్లా, అవతల హోప్ ఐలాండ్ ఇసుక సన్నటి తెల్లగీతలా కనిపించాయి. పాత ఫొటో పక్కన కొత్తది పెట్టుకుని ఆ ఇసుక అంచునే చూస్తూ రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నా. వానాకాలంలో మాత్రం అంతా మబ్బే, విసుగొస్తుంది. అప్పుడు సెంటినెల్-1 రాడార్‌కి మారాలి, దానికి మబ్బులు అడ్డం కావు గానీ ఆ నలుపు తెలుపు చుక్కలు అర్థమవడానికి టైమ్ పడుతుంది. ఈమధ్యే నాటిన చిన్న మొక్కలైతే ఇందులో ఆనవు, వాటికోసం బురదలో దిగాల్సిందే.