యాత్ర: మమ్ముట్టి వింటున్నంతసేపూ బాగుంది

మా ఇంట్లో ఓటంటే సైకిలే. అందుకే 2019 ఫిబ్రవరిలో వైఎస్ రాజశేఖరరెడ్డి మీద తీసిన ‘యాత్ర’ సినిమా విడుదలైనప్పుడు, ఎన్నికల ముందు వదిలిన ప్రచారం లెమ్మని పట్టించుకోలేదు. మా బావమరిది మాత్రం వైఎస్ వీరాభిమాని. టీవీలో వస్తుంటే రిమోట్ దాచేసి మరీ చూపించాడు.

ప్రచారం ఉంది, డౌటే లేదు. కానీ వైఎస్ పాత్రలో మమ్ముట్టి కూడా ఉన్నాడు. వైఎస్ నవ్వునీ, చెయ్యి ఊపే తీరునీ మన దగ్గర మిమిక్రీ చెయ్యనివాడు లేడు. ఈయన ఆ జోలికే పోలేదు. పంచెకట్టు, నిదానమైన నడక చాలనుకున్నాడు. డబ్బింగ్ తనే చెప్పుకున్నాడు. కడప యాస లేదు, అక్కడక్కడా మలయాళం తగులుతుంది. అయినా అరువు గొంతు కన్నా ఇదే నయం.

దర్శకుడు మహి వి రాఘవ్ పుట్టుక నుంచి మొదలుపెట్టకుండా, 2003లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా సాగిన పాదయాత్ర చుట్టూ కథ అల్లుకోవడం తెలివైన పని. జనం తమ కష్టం చెప్పుకుంటుంటే మమ్ముట్టి ఊరికే వింటాడు. ఓదార్చడానికి తొందరపడడు. వీళ్లకి ఏం చెప్పి పంపాలిరా అన్న ఇబ్బంది ఆ మొహంలో కనిపిస్తుంది. ఆ సీన్లప్పుడు నేను బావమరిది వైపు చూడకుండా కూర్చున్నాను, దొరికిపోతానని.

చిక్కల్లా పక్కపాత్రలతోనే. ఆయన మౌనంతో అయిపోయిన పనిని ఎవరో ఒకరు వచ్చి పొగడ్తతో పాడుచేస్తారు. వైఎస్ స్నేహితుడు కేవీపీగా రావు రమేశ్ లాంటి నటుణ్ని పెట్టుకుని, ఆ స్నేహాన్ని ఇంకాస్త లోతుగా చూపించాల్సింది. తెలుగుదేశాన్ని ‘మనదేశం పార్టీ’ చేసినందుకు మాత్రం నవ్వొచ్చింది. 1949లో వచ్చిన ఎన్టీఆర్ మొదటి సినిమా పేరు కూడా అదే మరి!

ఇంకో లోటు ఎండ. 2003 వేసవి వడగాలులకు రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా పోయారు. అలాంటి ఏప్రిల్, మే నెలల్లో రోడ్డు మీద నడవడమంటే మాటలు కాదు. ఆ సెగ తెర మీద నాకు తగల్లేదు. పైగా సినిమా చూస్తే 2004 గెలుపు మొత్తం ఆ నడకదే అనిపిస్తుంది. టీఆర్ఎస్‌తో, కమ్యూనిస్టులతో పొత్తు, అంతకుముందు కరువు, తొమ్మిదేళ్ల ప్రభుత్వం మీద విసుగు, ఇవన్నీ ఎటుపోయినట్టు?

చివర్లో అసలు వైఎస్ దృశ్యాలు వేశారు. నాకు నచ్చలేదు. అంతసేపు మమ్ముట్టి కష్టపడి నిలబెట్టిన మనిషి, అసలు మొహం కనబడగానే మాయమైపోయాడు. బావమరిది ఒప్పుకోలేదు. వాడికి ఆ దృశ్యాలే అసలు సినిమా. నేను మాత్రం మళ్లీ చూస్తే ఆ రైతుల సీన్లు చూసి, 2004 ఫలితాలు రాగానే టీవీ కట్టేస్తాను.