బుడాపెస్ట్: గదిలో చలి, శ్మశానంలో వెచ్చదనం

2016 నవంబరు 5న నేనూ మా బావగారూ హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో దిగాం. కెలెతి స్టేషను దగ్గర రోజుకు 11,000 ఫోరింట్లకు, అంటే సుమారు 2,600 రూపాయలకు, ఒక ఫ్లాటు మాట్లాడుకున్నాం. గోడకు హీటరైతే ఉంది, వేడి మాత్రం లేదు. యజమానికి ఫోను చేస్తే "సాయంత్రానికి వస్తుంది" అన్నాడు, ఏ సాయంత్రమో చెప్పలేదు. దుప్పటికి ఎవరివో వెంట్రుకలు. బావగారు కోటుతోనే పడుకున్నారు, తెల్లవారాక నాతో మాట్లాడలేదు.

ఊళ్లో బస్సులు, ట్రాములు, మెట్రో ఎక్కడానికి 72 గంటల పాసు కళ్లు మూసుకుని కొనండి, అప్పట్లో 4,150 ఫోరింట్లు. విడి టికెట్ (అప్పట్లో 350) కొంటే ముద్ర వేయించుకోవడం మరిచిపోకండి.

బావగారి అలక తీరింది కెరెపెషి శ్మశానంలో. ప్రవేశం ఉచితం. సమాధుల పండుగ వెళ్లి అయిదు రోజులే, ఎటు చూసినా వాడిన చామంతులు, మైనం కారిన గాజు దీపాలు. నటి లూయిజా బ్లాహా పాలరాతి మంచం మీద హాయిగా పడుకుని ఉంది. "మనకన్నా మంచి పరుపు" అన్నారు బావగారు. 2002లో నోబెల్ అందుకున్న రచయిత ఇమ్రే కెర్తేస్‌ను ఆ ఏడాదే ఇక్కడ ఖననం చేశారు. ఆయన మార్చి 31న పోతే, జులైలో పేతెర్ ఎస్తెర్‌హాజి పోయాడు. ఒకే ఏడాది ఇద్దరు పెద్ద రచయితలు!

మర్నాడు బజారులో లాంగోష్ తిన్నాం. నూనెలో వేయించిన రొట్టె మీద వెల్లుల్లి, పుల్ల మీగడ, చీజ్. ధర అప్పుడు 700. పూరీకి పెదనాన్న అనుకోండి, ఈ ప్రయాణం మొత్తంలో మనసు నిండిన భోజనం అదే. దుకాణంలో రేడియో పియానో వాయిస్తోంది. అమ్ముతున్నావిడ "కోచిష్" అని చేయి పైకి చూపింది. ముందురోజే పియానో విద్వాంసుడు జోల్తాన్ కోచిష్ 64 ఏళ్ల వయసులో చనిపోయాడట. పక్కనున్న కుర్రాడు వచ్చీరాని ఇంగ్లీషులో ఇంకో సంగతి చెప్పాడు: యూరోపియన్ యూనియన్ దేశాలకు పంచే శరణార్థుల కోటాపై అక్టోబరు 2న పెట్టిన ప్రజాభిప్రాయ సేకరణ సగంమంది చెల్లే ఓటు వేయక వీగిపోయింది, 8న 'నేప్‌సబద్షాగ్' దినపత్రిక ఉన్నట్టుండి మూతపడింది. తను చదివే పేపరు అదేనట.

నవంబరు 8న ఇంటినుంచి ఫోను, మన పెద్ద నోట్ల రద్దు. బావగారి పర్సులో పన్నెండు వేలు ఉన్నాయి, అన్నీ 500 నోట్లే. మర్నాడు ఖాళీ చేస్తుంటే ఫ్లాటు యజమాని శుభ్రం చేయించే ఖర్చని మరో 5,000 ఫోరింట్లు అడిగాడు. ఆ కోపంలో ఉన్న బావగారు పది నిమిషాలు తెలుగులోనే వాదించి 2,000కు దించారు.