బ్యూరిన్ గీతా, ఆసిడ్ గీతా? పాత నగిషీ నమూనాలకు ఏది నయం?

16వ శతాబ్దం మొదట్లో జర్మనీలో ఆకులు, తీగల నమూనాలను రేకు మీద చెక్కి కాగితం మీద అచ్చు తీసేవారు. అందుకు రెండు దారులు: బ్యూరిన్ అనే ఉక్కు మొనతో లోహాన్ని నేరుగా చెక్కడం, లేదా ఆసిడ్‌తో గీతను తినిపించడం, అంటే ఎచింగ్. ఇప్పుడు ఆ పని నేర్చుకునేవాళ్లకీ అదే డైలమా.

ఖర్చు: బ్యూరిన్‌కు ఒక ఉక్కు మొన, నున్నటి రాగి రేకు చాలు. ఎచింగ్‌కు ఆసిడ్‌ను ఆపే పూత, సూది, ఆసిడ్ అన్నీ కావాలి.

శ్రమ: బ్యూరిన్‌ను ముందుకు తోయాలి. వంపు దగ్గర చేతిని కాదు, రేకునే తిప్పాలి. గీత అంచున లేచిన రాగిని గీకెయ్యాలి. కంసాలి కొడుకైన జర్మన్ చిత్రకారుడు డ్యూరర్‌కు ఇది ఇంటి పనే. మనకు మాత్రం ఏళ్లు పడుతుంది. ఎచింగ్‌లో సూదితో పూతను గీస్తే చాలు, లోహాన్ని తినడం ఆసిడ్ చూసుకుంటుంది.

రిస్క్: బ్యూరిన్ జారితే ఒక్క గీత పోతుంది. పూత సరిగ్గా పట్టకపోతే రేకంతా పోవచ్చు. అప్పట్లో ఎచింగ్‌కు ఇనుప రేకులు వాడేవారు, వాటికి తుప్పు బెడద కూడా. డ్యూరర్ 1515-1518 మధ్య ఆరు ఎచింగులు చేసి, ఇక దాని జోలికి పోలేదు.

గీత: బ్యూరిన్ గీత సన్నగా మొదలై, ఉబ్బి, మళ్లీ సన్నబడుతుంది. తీగ చుట్టలకు అదే ప్రాణం. ఆసిడ్ గీత దాదాపు ఒకే మందం. అయితే జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కవచాలకు నగిషీ చేసిన డానియెల్ హాప్ఫర్ నేపథ్యాన్ని నల్లగా నింపి తీగలను తెల్లగా వదిలాడు. నాకైతే అదే ఎక్కువ ఇష్టం.

అప్పటి జర్మన్ నగిషీకారుడు ఆల్డెగ్రెవర్ తరహా చిన్న, సన్నటి పనికి బ్యూరిన్. పెద్ద నమూనా త్వరగా కావాలి, గాలి ఆడే గది ఉంది అంటే ఎచింగ్. ఇంట్లో చిన్నపిల్లలు తిరుగుతుంటే ఆసిడ్ వద్దే వద్దు.