వరి తూముల దారిలో: సవానా, బ్యూఫర్ట్, చార్ల్‌స్టన్

అమెరికా వచ్చిన తల్లిదండ్రులకు మనవాళ్లందరం చూపించేవి నయాగరా, న్యూయార్క్, వాషింగ్టన్. మా అమ్మానాన్నలకు పోయినసారే అవన్నీ అయిపోయాయి. ఈసారి నాన్న ముందే చెప్పేశారు. "విమానాలొద్దమ్మా. కారులో పోదాం, ఊళ్లు చూద్దాం" అన్నారు. మేముండేది అట్లాంటాకు ఉత్తరాన కమ్మింగ్‌లో. ఏప్రిల్ మొదటి వారం మా బాబుకు బడి సెలవులు. జార్జియా తీరంలోని సవానాలో రెండు రాత్రులు, సౌత్ కరోలినాలోని బ్యూఫర్ట్‌లో ఒకటి, చార్ల్‌స్టన్‌లో రెండు అని లెక్కేసుకుని ఆరు రోజులకు బయల్దేరాం. నాన్నకు 71, అమ్మకు 66. అమ్మ మోకాళ్లు ఆట్టే దూరం నడవనివ్వవు. ఇంట్లో పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు పనికొస్తుందనే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

అట్లాంటా నుంచి సవానాకు సుమారు 250 మైళ్లు, నాలుగు గంటల ప్రయాణం. మేకన్‌లో ఐ-16 హైవే ఎక్కాలి. అక్కణ్నుంచి రెండు వైపులా పైన్ చెట్లు తప్ప చూడ్డానికి ఏమీ ఉండదు. అందుకే మేకన్ రాకముందో దాటాకో ఒకసారి ఆగి, కాళ్లు చాచుకుని, పెట్రోలు పోయించుకోవడం మంచిది. మేం రోడ్డు పక్కన ఒక బండి దగ్గర ఆగాం. పెద్ద గంగాళంలో ఉప్పునీళ్లలో వేరుశనక్కాయలు ఉడుకుతున్నాయి. అమ్మ కాయ ఒలిచి నోట్లో వేసుకుని, "అచ్చం మన ఇంట్లో ఉడకబెట్టినట్టే ఉన్నాయే" అంది. సవానా చేరేలోపు రెండు పొట్లాలు అయిపోయాయి. అమెరికా దక్షిణాదిలో శాకాహారులు ఏ బెంగా లేకుండా తినదగిన తిండి ఇదే అని ఈ ట్రిప్పులో నాకు అర్థమైంది.

సవానాను 1733లో జేమ్స్ ఓగల్‌థార్ప్ కట్టించాడు. ఊరి మధ్యలో రెండు మూడు వీధులకొకటి చొప్పున చదరంగా చిన్న చిన్న తోటలు వేయించాడు. మొత్తం 24 వెలిశాయి, ఇప్పటికి 22 మిగిలాయి. ప్రతి తోటలో బెంచీలు, పైన ఓక్ చెట్ల నీడ. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఇంతకంటే అనువైన ఊరు నేను చూడలేదు. అమ్మ ఐదు నిమిషాలు నడిచేది, పది నిమిషాలు కూర్చునేది. అలా ఫోర్సిత్ పార్కులో 1858 నాటి తెల్ల ఫౌంటెన్ దాకా తనే నడిచొచ్చింది. వీల్‌చెయిర్ తీసుకొచ్చాం కానీ అది కారు డిక్కీలోంచి దిగనే లేదు. కొమ్మల నుంచి బూడిదరంగులో వేలాడే దాన్ని చూసి అమ్మ మొదట మర్రి ఊడలనుకుంది. అందరూ స్పానిష్ మాస్ అనే ఆ మొక్క నిజానికి నాచూ కాదు, స్పెయిన్‌దీ కాదు. అనాస కుటుంబానికి చెందినది, గాలిలోని తేమతోనే బతుకుతుంది.

నది ఒడ్డున రివర్ స్ట్రీట్ విషయంలో మాత్రం జాగ్రత్త పడండి. ఓడల అడుగున బరువు కోసం వేసుకొచ్చిన రాళ్లనే ఆ వాలుకు, వీధికి పరిచారు. ఎగుడుదిగుడుగా ఉంటాయి, వాన పడితే జారుతాయి. దిగే మెట్లు కూడా నిటారుగా ఉంటాయి. సిటీ హాల్ పక్కన లిఫ్ట్ ఉంది, పెద్దవాళ్లను అటు తీసుకెళ్లండి. కింద మిఠాయి కొట్లలో పీకాన్ పలుకులతో, చక్కెర పాకంతో చేసే ప్రాలీన్లు వేడివేడిగా రుచి చూడమని చేతికే ఇస్తారు. అక్కడి నుంచి నది దాటించే చిన్న ఫెర్రీకి టికెట్ లేదు. మా బాబు మూడుసార్లు అటూ ఇటూ తిరిగాడు. ఊళ్లో తిరిగే డాట్ బస్సు కూడా ఉచితమే. డబ్బులిచ్చి ఎక్కే ట్రాలీ టూర్ ఒక రోజుకు తీసుకున్నాం. ఊరి కథ తెలియడానికి మొదటి రోజు అది బాగుంది, రెండో రోజు అవసరం పడలేదు.

బసలో మాత్రం నేను పొరబడ్డాను. పాతకాలపు ఇంట్లో ఉంటే బాగుంటుందని తోటల మధ్యే ఒక పాత సత్రం బుక్ చేశాను. ఫొటోల్లో ఎంత అందంగా ఉందో నిజంగానూ అంత అందంగానే ఉంది. కానీ మా గదులు మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు. ఆ సంగతి వాళ్ల పేజీలో ఎక్కడో అడుగున రాసుంది, నేను చూసుకోలేదు. ఫోన్‌లో అడిగినప్పుడు "పెద్దవాళ్లకు ఇబ్బంది ఉండదు" అన్నారు. తీరా వెళ్లాక కింది గదులు ఖాళీ లేవన్నారు. అమ్మ ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెడుతూ ఎక్కుతుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. కారు పార్కింగ్‌కు మళ్లీ రోజుకింత అని వేరే. సవానా పాత ఊళ్లో గది తీసుకునేముందు లిఫ్ట్ ఉందా, లేకపోతే కింది అంతస్తులో గది ఇస్తారా అని అడిగి, ఆ మాట ఈమెయిల్‌లో రాయించుకోండి. ఇంకో మాట, మార్చి 17న సెయింట్ పాట్రిక్స్ డే ఊరేగింపుకు ఊరు కిక్కిరిసిపోతుంది, గదుల ధరలు ఆకాశాన్నంటుతాయి. ఆ వారం మానుకోవడమే మేలు.

సవానా నుంచి గంట దూరంలో ఉంది బ్యూఫర్ట్. నార్త్ కరోలినాలో ఇదే స్పెల్లింగుతో ఉన్న ఊరిని బోఫర్ట్ అంటారు, సౌత్ కరోలినాలో మాత్రం బ్యూఫర్ట్ అనే అనాలి. చాలామంది సవానా నుంచి నేరుగా చార్ల్‌స్టన్ వెళ్లిపోతారు, దీన్ని లెక్కలోకే తీసుకోరు. నన్నడిగితే ఈ దారి మొత్తంలో మనసుకు హాయిగా అనిపించిన ఊరు ఇదే. నది ఒడ్డున పార్కులో వరసగా పెద్ద పెద్ద ఉయ్యాల బల్లలు వేశారు. సాయంత్రం అమ్మానాన్నలు ఒక బల్ల మీద గంటన్నర ఊగుతూ కూర్చున్నారు, పలకరిస్తే బదులు కూడా ఇవ్వలేదు. ఇక్కడ మేం దిగింది నలుగురైదుగురికి మాత్రమే చోటున్న చిన్న బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్. కింది గది, వాకిట్లో దిగితే నాలుగడుగుల్లో మంచం. మాంసం తినమని రాత్రే చెబితే, పొద్దున గ్రిట్స్‌ను విడిగా వండి పెట్టారు. మొక్కజొన్న రవ్వ, వెన్న, ఉప్పు, అంతే. నాన్న దాని మీద ఆవకాయ వేసుకున్నారు. సవానాలో ఇచ్చినదాంట్లో సగం ఖర్చుకు నిద్ర, తిండి రెండూ బాగా కుదిరాయి.

ఈ ఊళ్లో ప్రిన్స్ స్ట్రీట్‌లో ఒక ఇల్లుంది, బయటి నుంచి చూడొచ్చు. రాబర్ట్ స్మాల్స్ 1839లో ఆ ఇంటి వెనక పాకలో బానిసగా పుట్టాడు. అమెరికా అంతర్యుద్ధం నడుస్తుండగా 1862 మేలో చార్ల్‌స్టన్ రేవులో ప్లాంటర్ అనే ఓడను తెల్లవారకముందే తప్పించి, భార్యాబిడ్డలతో సహా ఉత్తరాది నౌకాదళం దగ్గరికి నడుపుకుపోయాడు. తర్వాత తను పుట్టిన చోటనే యజమాని ఇంటిని కొనుక్కున్నాడు, కాంగ్రెస్ సభ్యుడూ అయ్యాడు. ఆ కథ విని మా బాబు ఆ వీధిలోంచి కదలనంటే కదలనన్నాడు. కారులో కాసేపు వెళితే సెయింట్ హెలెనా ద్వీపంలో పెన్ సెంటర్ వస్తుంది. విముక్తులైనవాళ్ల కోసం 1862లో అక్కడ బడి పెట్టారు. దానికి కనీసం రెండు గంటలు కేటాయించండి.

ఇక అసలు సంగతికి వస్తాను. నాన్నది కోనసీమలో ముమ్మిడివరం దగ్గర పల్లె. నలభై ఏళ్లు వరి పండించిన మనిషి. బ్యూఫర్ట్ నుంచి చార్ల్‌స్టన్ వెళ్లేటప్పుడు హైవే 17 మీద, రెవనెల్ దగ్గర కా కా అనే కౌంటీ పార్కు ఉంది. ఒకప్పటి వరి తోట అది. నేను ఎక్కడో చదివి, అరగంట ఆగుదాం అనుకున్నాను. మూడు గంటలు ఉండిపోయాం.

చెక్క వంతెనల మీదుగా నడిచిపోతే మట్టి గట్లు, మధ్యలో నీళ్లు నిండిన మడులు. ఒక గట్టు దగ్గర రెండు వైపులా తలుపులున్న చెక్క పెట్టె లాంటిది నీళ్లలో అడ్డంగా ఉంది. నాన్న కర్ర పక్కన పెట్టి గట్టు మీద వంగి చూశారు. "ఇది తూము కదమ్మా" అన్నారు. ఇక్కడివాళ్లు దాన్ని ట్రంక్ అంటారు. నాన్నకు వెంటనే ఒక అనుమానం వచ్చింది. "సముద్రం ఇంత దగ్గరుంటే ఉప్పునీళ్లు ఎగదన్నవా?" కోనసీమ రైతు ఎవరైనా మొదట అడిగే ప్రశ్న ఇదే. అక్కడున్న పార్కు ఉద్యోగి నేల మీద పుల్లతో గీసి చూపించింది. సముద్రం పోటెత్తినప్పుడు ఉప్పునీరు నదిలోకి కొంతవరకే వస్తుంది, కానీ ఆ తోపుడుకు పైనున్న మంచినీటి మట్టం లేస్తుంది. ఆ మంచినీరు లేచే చోటే మడులు కట్టారు. పోటులో తూము తెరిస్తే చేలోకి నీళ్లు, పాటులో తెరిస్తే బయటికి. కాటన్ దొర ఆనకట్ట, కాలవలు లేకుండా అమావాస్యను, పున్నమిని చూసుకుని సాగు చేశారన్నమాట. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈ గట్లన్నీ ఎవరు పోశారు?" అన్నారు.

చేత్తో పోశారు, బానిసలు. పడమటి ఆఫ్రికాలో వరి పండించే తీరం నుంచి, వరి తెలిసినవాళ్లని చూసి మరీ తెచ్చారు. ఈ బురదలో, దోమల్లో, మలేరియాలో నడుంలోతు నీళ్లలో నిలబడి వాళ్లు అడవి నరికి ఈ మడులు చేశారు. చార్ల్‌స్టన్‌లో కనిపించే మేడలు చాలావరకు ఈ బియ్యం డబ్బుతో లేచినవే. వేసవిలో వచ్చేవాళ్లకు చిన్న హెచ్చరిక: ఈ పార్కులో మొసళ్లు తిరుగుతాయి, నీళ్ల అంచుకు పిల్లల్ని వెళ్లనివ్వద్దు.

ఆ మడులు చూసి వెళ్తే చార్ల్‌స్టన్ వేరేలా కనిపిస్తుంది. 1670లో వెలసిన ఊరు అందానికి తక్కువేం లేదు. రెయిన్‌బో రో అనే వరసలో రంగురంగుల 13 ఇళ్లు, వీధికి పక్కకు తిరిగి నిలబడి గాలి కోసం పొడవాటి వసారా చాచిన సన్నటి ఇళ్లు, బ్యాటరీ అనే ఒడ్డు దగ్గర సముద్రపు గాలి, ఇవన్నీ ఒక పూటలో చూడొచ్చు. గుర్రపు బండి ఎక్కాం, ఒకసారి చాలు. వరి తోటల యజమానుల మేడలు చూపించే టూర్లు చాలా ఉన్నాయి, ఖరీదు కూడా ఎక్కువే. మేం వాటిని వదిలేసి ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియానికి వెళ్లాం. 2023 జూన్‌లో తెరిచారు. బానిసల్ని దించిన గ్యాడ్స్‌డెన్స్ రేవు ఉన్న చోటే, నేలను తాకకుండా స్తంభాల మీద కట్టారు. లోపల వరి మీద ఒక గది ఉంది, కరోలినా గోల్డ్ అని, ఇక్కడ పండిన వరి రకం పేరే పెట్టారు. అమెరికాకు తెచ్చిన ఆఫ్రికా బానిసల్లో దాదాపు 40 శాతం చార్ల్‌స్టన్ గుండానే వచ్చారని చరిత్రకారుల అంచనా. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో టైము చూసుకుని తీసుకోండి. లిఫ్టులు, కూర్చునే చోట్లు బాగున్నాయి. అమ్మకు ఏ ఇబ్బందీ కలగలేదు.

పాత ఊళ్లో గదులు మా చేతికందవు. ఊరి పక్క నది మీది రెవనెల్ వంతెన దాటితే వచ్చే మౌంట్ ప్లెజెంట్‌లో మామూలు చెయిన్ హోటల్లో దిగాం. లిఫ్ట్, ఉచిత పార్కింగ్, గదిలో చిన్న ఫ్రిజ్. ఎలక్ట్రిక్ కుక్కర్లో అన్నం వండి, తెచ్చుకున్న కందిపొడి, పచ్చళ్లతో రెండు పూటలు గడిపాం. ఊళ్లో పార్కింగ్‌కు గ్యారేజీలే నయం. కారు అక్కడ పెట్టి డ్యాష్ బస్సెక్కితే టికెట్ లేకుండా తిరగొచ్చు. తిండి దగ్గర ఒక్క జాగ్రత్త. ఆకుకూర, రెడ్ రైస్ అనే టమాటా అన్నం, బొబ్బర్లు వేసి వండే హాపిన్ జాన్ అన్నం, ఈ మూడూ పేరుకు శాకాహారంలా కనిపిస్తాయి, కానీ చాలాచోట్ల పంది మాంసం పడుతుంది. అడక్కుండా తినొద్దు. పచ్చి టమాటా వేపుడు, బెండకాయ వేపుడు మాత్రం అమ్మ ఇష్టంగా తింది.

హోటల్ ముందు హైవే 17 పక్కనే చెక్క చప్పరాల్లో బుట్టలు అల్లేవాళ్లు కూర్చుంటారు. గల్లా స్త్రీలు, ఆ వరి మడులు చేసినవాళ్ల వారసులు. పెద్దామె ఒకావిడ చేతిలో స్వీట్‌గ్రాస్ గడ్డిని తాడులా చుట్టలు చుట్టుకుంటూ పోతోంది, సన్నటి తాటి జాతి ఆకు పీలికతో ఒక్కో చుట్టనూ కింది చుట్టకు కుడుతోంది. సూది కాదు, గరిట భాగం కోసేసిన చెంచా కాడ. దాంతో గడ్డి మధ్యలో కన్నం పొడిచి, పీలిక దూర్చి, బిగించి లాగుతోంది. ఆవిడ వెనక గోడకు వెడల్పుగా, లోతు లేని పెద్ద పళ్లెం ఒకటి వేలాడుతోంది. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, అలవాటుగా రెండుసార్లు చెరిగింది. ఆవిడ పని ఆపి లేచి నిలబడింది. "నీకు తెలుసా ఇది?" అని అడిగింది. వడ్లు చెరిగే బుట్టే అది, వాళ్ల ముత్తవ్వలు చెరిగినది. మన చేట. నేను ఇద్దరికీ మాట కలుపుతుండగానే వాళ్లు సైగలతో ముందుకెళ్లిపోయారు. దంచడం, చెరగడం, నూక వేరుచేయడం, అన్నీ చేతులతోనే చెప్పుకున్నారు. అరచేతంత చిన్న బుట్టకే యాభై డాలర్ల పైన. బేరమాడొద్దు. అది అల్లడానికి గంటలు పడుతుంది, తీరంలో ఇళ్లు లేచేకొద్దీ గడ్డి దొరకడమే కష్టమైపోతోందట. పెద్దది కొనలేకపోయాం, చిన్నది తీసుకున్నాం. అమ్మ దాంట్లో కుంకుమ భరిణె పెట్టుకుంటానంది.

తిరుగు ప్రయాణం ఐదు గంటలు, కొలంబియా, ఆగస్టా మీదుగా. ఎక్కడా ఆగలేదు. నాన్న ఒళ్లో కరోలినా గోల్డ్ బియ్యం సంచి ఉంది. బానిసత్వం పోయాక, తుపాన్లు వరసగా మడులు తెంచాక ఈ రకం దాదాపు కనుమరుగైంది. సవానాకు చెందిన ఒక కంటి డాక్టరు 1980ల్లో విత్తనం సంపాదించి మళ్లీ పండించాడు. మర్నాడు ఇంట్లో వార్చి వండాం. మెతుకు తెల్లగా, కొంచెం మందంగా, వేరుశనగ వాసనలాంటి కమ్మదనంతో ఉంది. నాన్న మొదట ఉత్తన్నం నోట్లో పెట్టుకుని చూశారు. "గంజి పారబోయకమ్మా" అని గ్లాసు అందించారు.