శతకాలకు టీఈఐ ట్యాగులు: కొన్నేళ్లు వాడాక

టీఈఐ, అంటే పాఠంలో ఏది ఏమిటో కంప్యూటరుకు తెలిసేలా గుర్తులు పెట్టే పద్ధతి, నేర్చుకోవాలా వద్దా అని పరిశోధన మొదలుపెట్టినవాళ్లు అడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే: మీరు ఎక్కించే పద్యాల పాఠంతో మీకేం పని? వెతుక్కోవడానికి వీలుగా ఉంటే చాలనుకుంటే యూనికోడ్‌లో శుభ్రంగా టైపు చేసిన మామూలు టెక్స్ట్ ఫైలు చాలు, ఇంత తంటా అక్కర్లేదు. రెండు మూడు ప్రతులు పక్కపక్కన పెట్టి పాఠభేదాలు చూపాలన్నా, కందాలన్నీ ఒకపక్కకు ఏరాలన్నా, ఒక దేవుడు ఎక్కడెక్కడ ఏ పేరుతో వచ్చాడో పట్టుకోవాలన్నా మాత్రం టీఈఐని మించింది నాకు దొరకలేదు. కొన్నేళ్లుగా పాత అచ్చు శతకాల మీద దీన్నే వాడుతున్నాను.

కొత్తవాళ్లకు రెండు ముక్కలు. టీఈఐ అంటే టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనీషియేటివ్, 1987లో అమెరికాలోని వాసర్ కాలేజీలో జరిగిన ఒక సమావేశంతో మొదలైంది. అప్పటికి వెబ్ పుట్టనే లేదు. ఇప్పుడు నడుస్తున్న పీ5 అనే ఐదో విడత మార్గదర్శకాలు 2007లో వచ్చాయి, వాటిని సవరిస్తూనే ఉన్నారు, అంతా ఉచితం. ఎక్స్ఎమ్ఎల్ అనే, కోణపు బ్రాకెట్లలో గుర్తులు రాసే రకం ఫైల్లో ఇది పద్యం, ఇది పాదం, ఇది మనిషి పేరు, ఇక్కడ కాగితం చిరిగి అక్షరం పోయింది అని గుర్తులు పెట్టుకుంటూ పోవడమే పని. ఈ గుర్తులనే ట్యాగులంటారు, ఐదొందల పైచిలుకు ఉన్నాయి. జాబితా చూసి కంగారు పడొద్దు. శతకాలకు ఓ ముప్ఫై తెలిస్తే బండి నడుస్తుంది.

ఫైలు మొదట్లో దాని వివరాలు చెప్పే హెడర్ తప్పనిసరి. శీర్షిక, ప్రచురణ, మూలం, ఈ మూడింటి వివరాలూ లేకపోతే వ్యాలిడేషన్, అంటే ఫైలు నియమాల ప్రకారం ఉందో లేదో చూసే తనిఖీ, ఎర్రగీత గీసి కూర్చుంటుంది. ఒక్క పద్యం ఎక్కించకముందే ఈ ఫారాలేమిటని ఎవరికైనా విసుగొస్తుంది. అయితే నెట్‌లో తిరిగే తెలుగు పద్యాల్లో ఎన్నిటికి ఏ ముద్రణ నుంచి తీసుకున్నారో రాసి ఉంటుంది? అరసున్నలు ఎవరు తీసేశారో, బండి ఱని మామూలు రగా ఎవరు మార్చారో చెప్పే నాథుడే ఉండడు. టీఈఐ ఫైల్లో అచ్చులో ఉన్న ‘తఱచు’, ఇప్పటి ‘తరచు’ రెండూ ఒకే చోట పక్కపక్కన ఉంటాయి. మామూలు పాఠకుడికి ఒకటి చూపించొచ్చు, పరిశోధకుడికి రెండోది. నాకు టీఈఐ మీద నమ్మకం కుదిరింది ఇక్కడే.

పేర్ల సంగతి ఇంకా బాగుంటుంది. కృష్ణుడి మీద శతకం రాసినాయన కృష్ణా అని ఒక్క తీరుగా పిలిచి ఊరుకోడు కదా. శౌరి, చక్రి, కంసారి, నందనందనుడు, గణాలకు ఏది సరిపోతే అది. మామూలు వెతుకులాటలో ఇవి చిక్కవు. ప్రతి పేరుకూ ట్యాగు వేసి అన్నిటినీ ఒకే ఐడీకి కట్టేస్తే ఎక్స్ఎమ్ఎల్‌లో వెతకడానికి వాడే ఎక్స్‌పాత్ భాషలో ఒక్క వాక్యంతో వరుసగా వచ్చి నిలబడతాయి. ఆ ఐడీని తెలుగులోనే ‘కృష్ణ’ అని పెట్టుకోవచ్చు, ఎక్స్ఎమ్ఎల్‌కు అభ్యంతరం లేదు. మరి ‘హరి’ అన్నచోట విష్ణువా, కృష్ణుడా? ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. తేలకపోతే నిశ్చయం తక్కువని రాసుకునే ఏర్పాటు కూడా ఉంది. చదివేటప్పుడు జారుకుంటూ వెళ్లిపోయే ఇలాంటి చోట్ల ట్యాగు మనల్ని ఆపుతుంది.

ఇక అసలు చిక్కు సంధి. అచ్చులో ‘రాముఁడయోధ్య’ అని ఉందనుకోండి. రాముడు మనిషి, అయోధ్య ఊరు, రెంటికీ రెండు ట్యాగులు. మొదటిది ఎక్కడ మూయాలి, రెండోది ఎక్కడ తెరవాలి? ఉకారం పోయాక మిగిలిన ‘డ’లో హల్లు రాముడిది, అచ్చు అయోధ్యది. యూనికోడ్‌లో ‘డ’కు ఒక్కటే కోడు, దాని మధ్యలోకి ట్యాగు దూరదు. పదం పదానికీ ట్యాగు వేద్దామనుకుంటే ‘సీతకిచ్చె’ లాంటివి మరో రకంగా ఏడిపిస్తాయి. ఇకారపు గుర్తైన గుడికి విడి కోడుంది కాబట్టి క తర్వాత ట్యాగు మూసి, గుడి దగ్గర కొత్తది తెరవచ్చు, వ్యాలిడేషన్ కూడా కిమ్మనదు. తెర మీద మాత్రం క ఒకచోట, చుక్కల సున్నాకు వేలాడుతూ గుడి మరోచోట! సంస్కృతాన్ని రోమన్ లిపిలో ఎక్కించేవాళ్లకు ఈ బాధ తక్కువ, అక్కడ అచ్చూ హల్లూ విడివిడిగా ఉంటాయి. తెలుగు చదివేవాళ్ల కోసం తెలుగు శతకాన్ని రోమన్‌లో పెట్టడం నాకిష్టం లేదు.

దీనికి తోడు మన పద్యాల్లో పదం పాదం చివర ఆగదు, సగం ఇటు, సగం అటు. ఎక్స్ఎమ్ఎల్‌లోనేమో ట్యాగులు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకోకూడదు. పాదం మూయాలంటే ముందు పదం మూయాలి. ఇలా ఒకదాని మీద ఒకటి పడే నిర్మాణాల గురించి మార్గదర్శకాల్లో ఒక అధ్యాయమే ఉంది. అందులోని ఉపాయాలు ప్రయత్నించి, చివరికి నేను స్థిరపడ్డ పద్ధతి ఇది: పద్యాన్ని అచ్చులో ఉన్నట్టు ముట్టుకోకుండా ఉంచడం, కిందే పదవిభాగం వేరే పేరాగా ఇవ్వడం, రెంటినీ ఐడీలతో కలపడం, పేర్ల ట్యాగులు పదవిభాగంలో మాత్రమే వేయడం. పని రెట్టింపవుతుంది. పదవిభాగం ఎలాగూ మన వ్యాఖ్యానమే కాబట్టి అది మూలంతో కలవకుండా విడిగా ఉండటమే మేలని నా అభిప్రాయం.

ఛందస్సు విషయంలో సిద్ధంగా ఉన్న ట్యాగులను నమ్ముకోవద్దు. పాదం మధ్యలో విరామానికి ఒక ట్యాగుంది, దాన్ని యతికి వాడదామనిపిస్తుంది. తెలుగు యతి అక్షరమైత్రి, విరామం కాదు. కందంలో రెండో, నాలుగో పాదాల్లో మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి చూపించాలంటే రెండు అక్షరాలకూ ఏ ముక్కకైనా వేయగల మామూలు ‘సెగ్’ ట్యాగు వేసి, రకం ‘వడి’ (యతి) అని రాసుకుంటున్నాను. ప్రాసకూ ఇదే దారి.

ఈ ఫైళ్లు రాసుకునే సాఫ్ట్‌వేర్ల, అంటే ఎడిటర్ల మాటకొస్తే, రొమేనియాలో తయారయ్యే ఆక్సిజన్ ఈ రంగంలో పేరున్నది. టీఈఐ స్కీమా, అంటే ఏ ట్యాగు ఎక్కడ రావచ్చో చెప్పే నియమాల ఫైలు, దానితోనే వస్తుంది, ముప్ఫై రోజులు ఉచితంగా చూడొచ్చు. సొంత డబ్బుతో కొనాలంటే ఆలోచించాల్సిందే. విశ్వవిద్యాలయంలో ఉంటే విద్యాసంస్థల లైసెన్సు గురించి కనుక్కోండి. నేను ఎక్కువగా పనిచేసేది వీఎస్ కోడ్ అనే ఎడిటర్లో, స్కాలర్లీ ఎక్స్ఎమ్ఎల్ అనే అదనపు పనిముట్టు (ఎక్స్‌టెన్షన్) పెట్టుకుని. ఖర్చు లేదు, తప్పులు అక్కడికక్కడే చూపిస్తుంది, ఏ ట్యాగు లోపల ఏది ఇమిడేదీ అదే చెబుతుంది. ఏ ఎడిటరైనా తెలుగు ఫాంటు మార్చి, వరసల మధ్య ఎడం పెంచుకోండి, లేకపోతే ఒత్తులు కింది వరసలోకి దూరి కళ్లు పోతాయి.

నేర్చుకోవడానికి టీఈఐ బై ఎగ్జాంపుల్ పాఠాలు మంచివి, ఉచితం. హెడర్, పద్యం, పాఠపరిష్కరణ, ఈ మూడు ముందు చదివితే నాటకం తర్వాత చూసుకోవచ్చు. ఉదాహరణలన్నీ పాశ్చాత్య సాహిత్యం నుంచే, మనకు పనికొచ్చేలా మనమే మలచుకోవాలి. మార్గదర్శకాలను మొదటి పేజీ నుంచి చదవబోతే అయ్యే పని కాదు. కావలసిన ట్యాగు పేజీకి వెళ్లి కింద ఉన్న ఉదాహరణలు చూడటం నయం. కొంత పట్టు దొరికాక రోమా అనే పనిముట్టుతో అక్కర్లేని ట్యాగులన్నీ తీసేసి సొంత చిన్న స్కీమా చేసుకోండి. ఇద్దరు ముగ్గురు కలిసి పనిచేసేచోట ఇది ప్రాణం. లేకపోతే ఒకరు పద్యం రకాన్ని ‘కందం’ అని, ఇంకొకరు ‘కందము’ అని, మరొకరు ‘కం’ అని రాసి పెడతారు, లెక్క తీసేనాడు మూడూ మూడు ఛందస్సులవుతాయి.

ఎవరూ ముందుగా చెప్పని ఖర్చు ఇంకొకటుంది. ట్యాగులన్నీ వేశాక ఆ ఫైలు తెరిచి ఎవరికైనా చూపిస్తే పద్యం కనబడదు, కోణపు బ్రాకెట్ల అడవి కనబడుతుంది. దాన్ని చదివే పేజీగా మార్చడానికి ఎక్స్ఎస్ఎల్‌టీ అనే, ఎక్స్ఎమ్ఎల్‌ను వేరే రూపంలోకి మార్చే భాష నేర్చుకోవాలి, అది మరో చదువు. అంత ఓపిక లేకపోతే సెటేషియన్ అనే చిన్న జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఉంది. ఎక్స్ఎమ్ఎల్‌ని నేరుగా బ్రౌజర్లోనే చూపిస్తుంది, వెబ్ పేజీల రూపం దిద్దే సీఎస్ఎస్ కాస్త వస్తే చాలు. నా శతకాలకు అదే సరిపోయింది. అడుగున పాఠభేదాలతో అచ్చు పుస్తకంలా పీడీఎఫ్ కావాలంటే మాత్రం ఎక్స్ఎస్ఎల్‌టీ తెలిసిన మనిషిని ముందే వెతికి పెట్టుకోండి.