నునావుట్‌కి జెట్టా, పంకాల విమానమా: ఏది మేలు?

"ఈ రోజుల్లో కూడా పంకాల విమానాలేమిటండీ? ఒక పెద్ద జెట్ వేస్తే ఛార్జీలు దిగిరావా?" కెనడా ఉత్తరాన నునావుట్ అనే ప్రాంతంలో ఉద్యోగం వచ్చి, టికెట్ ధర చూసి గుండె గుభేలుమన్నవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే. మా బావమరిది దాని రాజధాని ఇకాలుయిట్‌లో అకౌంటెంటుగా చేరినప్పుడు నేనూ ఇదే అడిగాను. ఇప్పుడు నా అభిప్రాయం తిరగబడింది.

నునావుట్ సంగతి తెలిసిందే: 25 ఊళ్లు, ఒక ఊరినుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు. 2021 జనాభా లెక్కల్లో 36,858 మంది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా వైశాల్యంలో అందులో ఏడో వంతుకి మించవు. వేసవిలో సముద్రం కరిగినప్పుడు ఓడలొస్తాయి. మిగతా కాలమంతా పాలప్యాకెట్టు నుంచి పురిటికెళ్లే గర్భిణి దాకా అన్నీ విమానంలోనే.

జెట్‌కి ఇవ్వాల్సిన మార్కులు ముందే ఇచ్చేస్తాను. ఒట్టావా నుంచి ఇకాలుయిట్ సుమారు 2,100 కిలోమీటర్లు. బోయింగ్ 737లో మూడు గంటల ప్రయాణం. అదే ఏటీఆర్ అనే పంకాల విమానంలో అయితే నాలుగు గంటలు దాటుతుంది, పైగా అంత దూరానికి ఇంధనం నింపుకుంటే సరుకు తగ్గించుకోవాలి. ఇకాలుయిట్ రన్‌వే పొడవైనది, తారుది. ఆ దారిలో జెట్‌కి తిరుగులేదు, వాదనే అక్కర్లేదు.

చిక్కంతా ఇకాలుయిట్ దాటాకే. అక్కడి ఊళ్లలో చాలావాటికి ఉన్నది కంకర రన్‌వే. కెనడా ఆడిటర్ జనరల్ 2017లో ఉత్తరాదిలోని 117 మారుమూల విమానాశ్రయాల మీద నివేదిక ఇచ్చారు, వాటిలో ఎక్కువవాటికి తారు లేదు. కంకర మీద జెట్ దిగితే ముందుచక్రం ఎగరగొట్టిన రాళ్లు తిన్నగా ఇంజన్లోకి వెళ్తాయి. దీనికి 737-200 మోడల్‌కి బోయింగ్ ఒక ఉపాయం చేసింది. ముందుచక్రం వెనక పళ్లెంలాంటి అడ్డు పెట్టి, ఇంజన్ మూతి దగ్గర నుంచి సన్నటి గొట్టాలు ముందుకి చాపింది. ఆ గొట్టాల్లోంచి వచ్చే గాలి, ఇంజన్ కింద లేచే సుడిని చెదరగొడుతుంది, రాయి పైకి లేవదు. చూడ్డానికి ఇంజన్లకి ముక్కుపుల్లలు పెట్టినట్టు ఉంటుంది.

కానీ 737-200 తయారీ 1988లోనే ఆగిపోయింది. తర్వాతి 737లకి ఇంజన్లు లావెక్కి నేలకి దగ్గరగా వేలాడుతున్నాయి, వాటికి ఈ కంకర కిట్ లేదు. అంటే ఇప్పుడు కంకర మీద దిగగల 737 ఏదైనా ముప్పై అయిదేళ్లు దాటిన ముసలిదే. మేరీ రివర్ ఇనుప గనిలాంటి చోట్లకి ఇవి ఇంకా పనికొస్తున్నాయి, విడిభాగాలు వెతుక్కుంటూ నడుపుతున్నారు. ఊళ్లకి ఇదే శాశ్వత దారి అని ఎవరైనా చెబితే నేను నమ్మను.

"మరి రన్‌వేలకి తారు వేసేస్తే?" అంటారు. నేల అడుగున ఎప్పుడూ కరగని మంచుపొర ఉంటుంది, దాని పైన నల్లటి తారు పరిస్తే ఎండ వేడి లోపలికి దిగి నేల కుంగుతుంది. వెయ్యలేరని కాదు, వేశాక నిలబెట్టుకోడానికి అయ్యే ఖర్చు వేరే కథ. పైగా పాంగ్నిర్టుంగ్‌లాంటి ఊళ్లో రన్‌వే ఊరి నడిబొడ్డున, పొట్టిగా ఉంటుంది, సుమారు 900 మీటర్లు. ఒకపక్క ఇళ్లు, ఇంకోపక్క కొండల మధ్య సముద్రపు పాయ. దాన్ని ఎటు పొడిగిస్తారు?

ఏటీఆర్ 42కి ఈ బాధ తక్కువ. రెక్క విమానం పైభాగాన ఉంటుంది, ఇంజన్లు ఆ రెక్కకి, అంటే నేలకి ఎత్తుగా ఉంటాయి, పొట్టి కంకర రన్‌వే మీద దిగి లేస్తుంది. హైదరాబాద్ నుంచి రాజమండ్రికో కడపకో ఏటీఆర్ ఎక్కినవాళ్లకి దీని అన్నగారు ఏటీఆర్ 72 పరిచయమే. అక్కడా ఇక్కడా వెనక తలుపునుంచే ఎక్కుతాం. తేడా అల్లా, ఇక్కడ ఎక్కాక ముందువైపు చూస్తే గోడ కనబడుతుంది. ఆ గోడకి అవతల అరటిపళ్ల పెట్టెలు, డైపర్లు, స్నోమొబైల్ బెల్టులు, తపాలా సంచులు. ఇవాళ ప్రయాణికులు తక్కువ, సరుకు ఎక్కువ అనుకుంటే గోడని వెనక్కి జరుపుతారు. రేపు జనం ఎక్కువైతే ముందుకి. వీటిని కాంబి అంటారు. పాత 737-200ల్లోనూ ఈ ఏర్పాటు ఉండేది, క్యూబెక్ ఉత్తరాన ఎయిర్ ఇన్యూట్ 737-800లని కూడా ఇలాగే మార్పించుకుంటోంది. కాబట్టి ఇది ఏటీఆర్ గొప్ప అని చెప్పను.

నా దృష్టిలో అసలు తేల్చేది రన్‌వే కూడా కాదు, వారానికి ఎన్నిసార్లు వస్తుందన్నది. ఉదాహరణకి ఒక ఊరినుంచి వారానికి 120 మంది ప్రయాణిస్తారు అనుకుందాం. 120 సీట్ల జెట్ అయితే వారానికి ఒక్కసారి వస్తే చాలు, లెక్క ప్రకారం సీటుకి ఖర్చు తక్కువ. 40 సీట్ల ఏటీఆర్ మూడుసార్లు రావాలి. కాగితం మీద జెట్ గెలిచింది. ఇప్పుడు మంచు తుఫాను తీసుకురండి. జెట్ రావాల్సిన రోజే తుఫాను పడితే ఆ వారం మొత్తం పోయినట్టే: టమాటాలు గిడ్డంగిలో గడ్డకడతాయి, స్పెషలిస్టు డాక్టరు రాడు, రోగి ఒట్టావా వెళ్లలేడు. ఏటీఆర్‌కైతే ఎల్లుండి ఇంకో సర్వీసు ఉంటుంది. మా బావమరిది పాంగ్నిర్టుంగ్‌కి రెండు రోజుల ఆడిట్‌కి వెళ్లి ఆరో రోజు ఇల్లు చేరాడు. దూరం మూడొందల కిలోమీటర్లు, గంట ప్రయాణం. ఆరో రోజైనా వచ్చాడంటే గాలి తగ్గిన పూటే విమానం ఉండబట్టి.

ఛార్జీల మాట మిగిలింది. ఇక్కడ టికెట్లు ఎక్కువగా కొనేది ప్రభుత్వమే, రోగుల కోసం, ఉద్యోగుల కోసం. పెద్ద విమానం వేసినంతమాత్రాన కొత్త జనం పుట్టుకురారు. ఖాళీ సీటు ఖర్చు పక్క సీటువాడి టికెట్‌లోనే పడుతుంది. ఫస్ట్ ఎయిర్, కెనడియన్ నార్త్ అనే రెండు విమాన సంస్థలు ఒకే దారుల్లో సగం ఖాళీగా పోటీపడి చివరికి 2019లో కలిసిపోయాయి. కలిసిన సంస్థని విన్నిపెగ్‌లోని ఎక్స్ఛేంజ్ ఇన్‌కమ్ కార్పొరేషన్ 2025లో కొనుక్కుంది. ఒకే సంస్థ మిగలడం మంచిదని నేననను. కానీ పోటీ తగ్గిపోవడానికి విమానం సైజుని తప్పుపట్టలేం.

ట్విన్ ఆటర్ అనే చిన్న పంకాల విమానం గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. 19 సీట్లు, ఎక్కడైనా దిగుతుంది. 144 మంది ఉండే గ్రీస్ ఫియోర్డ్‌కి రెజొల్యూట్ నుంచి వెళ్లేది అదే. అక్కడ దానికి పోటీ లేదు, పెద్ద ఊళ్లకి అది చాలదు. సరుకు మోసే ఎయిర్‌షిప్పులు ముందు ఎగరనివ్వండి, తర్వాత చూద్దాం.

ఏటీఆర్ వైపు మొగ్గుతూనే ఒక భయం చెప్పాలి. 800 మీటర్ల రన్‌వేలో దిగగలిగే 42-600ఎస్ అనే కొత్త రకం తెస్తామన్న ఆ కంపెనీ 2024 నవంబరులో ఆ ప్రయత్నం మానుకుంది. పాంగ్నిర్టుంగ్‌లాంటి ఊళ్లకి సరిగ్గా సరిపోయేది అదే. ఇప్పుడున్నవి ముసలివైతే వాటి స్థానంలో ఏం వస్తుందో ఆలోచించాల్సిందే.

ఈ నెలలో పాంగ్నిర్టుంగ్ బడిలో ఉద్యోగానికి చేరబోతున్న అమ్మాయికి చెప్పింది మీకూ చెబుతాను. ఇకాలుయిట్ దాకా జెట్‌లో దర్జాగా వెళ్లండి. అక్కడినుంచి ఏటీఆర్. మధ్యలో రెండు రాత్రులు హోటల్‌కి డబ్బు విడిగా ఉంచుకోండి. మందులు, పచ్చడి సీసా మాత్రం చేతిసంచిలోనే. సరుకు ఎక్కువైన రోజు పెద్ద బ్యాగు తర్వాతి విమానంలో వస్తుంది. సీసా వంద మిల్లీలీటర్లు దాటితే సెక్యూరిటీ దగ్గర ఒట్టావాలోనే ఉండిపోతుంది, అందుకని చిన్న డబ్బాల్లో సర్దుకోండి.